బయటి గదిలో బావగారు

మా భోజనాల బల్ల మీద ఎవరైనా భోంచేసి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు దాని మీద ఒక లాప్‌టాప్, పక్కన ఇంకో తెర, మొహం మీద వెలుగు కొట్టే గుండ్రటి దీపం, ఒక స్టాప్‌వాచీ కాపురం ఉంటున్నాయి. లాప్‌టాప్‌కి ఎత్తు చాలక మొదట్లో కింద బైబిలు పెట్టేవారు. మా అత్తగారు తమ ఊరు కసామా నుంచి వచ్చి చూసి, దేవుడి మాట మీద ఇంకెవరి మాటా ఎక్కి కూర్చోకూడదని తీయించారు. ఇప్పుడక్కడ నా కాలేజీ నాటి ఆర్థికశాస్త్రం పుస్తకం ఉంది. చదువుకున్నదానికి అది ఇన్నాళ్ళకు పనికొచ్చింది. మేము న్షిమా, అంటే మొక్కజొన్న ముద్ద, పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తింటాం.

మా ఆయన కపెంబ్వ ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష తరగతులు తయారు చేసి, తనే నడుపుతాడు. తెర ముందు కూర్చుని మాట్లాడటమేగా అన్నవాళ్ళతో వారం రోజులు మాట్లాడడు. తొంభై నిమిషాల తరగతికి నలభై ఆరు పేజీల పుస్తకం రాస్తాడు. ఏ నిమిషంలో ఏం అడగాలి, అడిగాక ఎన్ని సెకన్లు నోరు మూసుకుని ఆగాలి (ఎనిమిది), ఎప్పుడు ఓటు వేయించాలి, ఎప్పుడు జనాన్ని నలుగురు నలుగురిగా చిన్న గదుల్లోకి పంపాలి, అన్నీ అందులో ఉంటాయి. ఎప్పుడు నవ్వాలో మాత్రం అచ్చులో ఉండదు. అది పెన్సిలుతో రాసుకుంటాడు, నేను చూశాను.

ఈ పనిలో ఆయనకు సగభాగం నేను కాదు, నామాకౌ. లుసాకాలోనే ఊరికి ఆ చివర తన ఇంట్లో కూర్చుని తరగతి తలుపులు తీసేది, మూసేది, నెట్ పడిపోయినవాళ్ళను చెయ్యిపట్టి మళ్ళీ లోపలికి లాగేది ఆ పిల్లే. ఆయన గంభీరంగా పాఠం చెబుతుంటే పక్క తెర మీద ఆ పిల్ల దగ్గర్నుంచి సందేశాలు వస్తుంటాయి: నీ కాలరు లోపలికి పోయింది, నీ వెనక ఎవరిదో లంగా ఆరేసుంది. లంగా నాదే.

ఇక సంగతికి వస్తాను. ఆయన పనిచేసే ఆఫీసు సముద్రాల అవతల ఉంది. క్లినిక్కుల్లో టీకాల ఫ్రిజ్‌లు చూసుకునే స్టోర్ కీపర్లకు పాఠాలు చెప్పించడం వాళ్ళ పని. పాఠం ఎవరు రాసినా సరే, దాన్ని నడపాలంటే ముద్ర పడాలి. అందుకు వాళ్ళ పరిశీలకురాలు ఒకరు కెమెరా ఆపుకుని తరగతిలో కూర్చుని, నలభై మార్కుల కాగితం మీద లెక్క వేసుకుంటుంది. ముప్పై రెండు వస్తే ముద్ర. మార్చిలో మా ఆయన తప్పాడు. తొంభై నిమిషాల్లో అరవై ఒక్క నిమిషాలు ఆయనే మాట్లాడాడట. మూడో వంతు దాటకూడదు. దాటితే అతను శిక్షకుడు కాదు, రేడియో.

పాపం, తప్పంతా ఆయనదీ కాదు. ఈస్టర్న్ ప్రావిన్సు స్టోర్ కీపర్లు ఇరవై ఆరుగురు ఇరవై ఆరు నల్ల గళ్ళై కూర్చున్నారు. ఆయన అడిగాడు, ఎనిమిది సెకన్లు ఆగాడు, ఎవరూ ఉలకలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక జవాబు తనే చెప్పాడు. అలా అరవై ఒక్క నిమిషాలు ఒకడే గుమ్మం లోపలా బయటా నిలబడి పలకరించుకున్నాడు.

రెండోసారి ఇస్తారు. అదే ఆఖరు. అప్పుడూ తప్పితే, నలభై ఆరు పేజీలూ తను రాసిన పాఠాన్ని జొహానెస్‌బర్గ్ నుంచి ఒక పెద్దమనిషి చెబుతుంటాడు, ఈయన పక్కన కూర్చుని బొమ్మలు తిప్పుతుంటాడు. ఆ పెద్దమనిషి పేరు మా ఇంట్లో ఎత్తం.

రెండో పరీక్ష గురువారం పది గంటలకు పెట్టుకున్నారు. కరెంటు వాళ్ళ పట్టికలో మా పేటకు ఎనిమిది నుంచి పన్నెండు దాకా వెలుగుంది కాబట్టి ఆ ముహూర్తం. మంగళవారం మధ్యాహ్నం ఉత్తుత్తి తరగతి పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. నేను ఇరవై ఆరుగురు విద్యార్థుల్ని. ఎవరూ మాట్లాడకూడదు.

"ఏం అడిగినా జవాబు చెప్పకు, బనా మపాలో," అన్నాడు. మా అమ్మాయి మపాలో పుట్టినప్పటి నుంచి నేను దాని తల్లినే, ఆయన దాని తండ్రి, బషి మపాలో. మా సొంత పేర్లు పెళ్ళికార్డులో మిగిలాయి.

"ఎంతసేపు?"

"తొంభై నిమిషాలు."

నలభై నిమిషాలు ఉండగలిగాను. అప్పటికి ఆయనకే భయం వేసి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

ఒక సంగతి చెప్పాలి. నేను ఆ ఈస్టర్న్ ప్రావిన్సులోని చిపాటా వైపు న్గోనీల పిల్లను, ఆయన బెంబా. మా రెండు జాతులదీ బావమరుదుల వరస. మా తాతలూ వాళ్ళ తాతలూ ఈటెలతో పొడుచుకుని పొడుచుకుని, చేతులు నొప్పెట్టి, ఇక తిట్టుకోవడంతో సరిపెట్టుకున్నారు. మేము ఎలుకలు తింటామని వాళ్ళంటారు, వాళ్ళు కోతుల్ని తింటారని మేమంటాం. బస్సులో, బ్యాంకులో, పెళ్ళిలో ఎక్కడ కలిసినా అనుకోవచ్చు. మా పెదనాన్న పోయినప్పుడు ముక్కూమొహం తెలియని బెంబా మనిషి ఒకడు వచ్చి శవపేటిక మీద కూర్చుని, ముందు నాకు ఎలుకల కూర పెట్టండి, తర్వాతే ముసలాణ్ణి దింపనిస్తానన్నాడు. ఏడుస్తున్న మా పెద్దమ్మ కూడా నవ్వింది. అక్కడ కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు.

గురువారం ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని, కింద నిక్కరుతో ఆయన బల్ల ముందు కూర్చున్నాడు. నాకు పాత ఫోను ఇచ్చాడు. ఈ వృత్తిలో అదొక పద్ధతి: శిక్షకుడు రెండో పరికరంతో విద్యార్థిలా కూడా లోపలికి చేరతాడు, వాళ్ళకు ఏం కనబడుతోందో తెలియడానికి. ఆ ఫోను పేరు 'విద్యార్థి 2'. నేను దాన్ని వంటింట్లో పెట్టుకుని, గొంతు సరిగా వస్తే గరిటె పైకి, తెగితే గరిటె కిందికి, రెండు గదుల మధ్య కిటికీలోంచి చూపించాలి. పక్క పొయ్యి మీద కపెంటా వేగుతోంది. చేపల్ని చూడాలా మొగుణ్ణి చూడాలా అని కాసేపు తికమకపడ్డాను.

పరిశీలకురాలి పేరు మారిట్, నార్వే మనిషి. మంచిదే. ముందురోజే నామాకౌను పిలిచి అందరి పేర్లూ ఎలా పలకాలో రాసుకుందట. పదింటికి ఆవిడ నల్ల గడి ఒక మూల వచ్చి కూర్చుంది. ఒకరొకరుగా స్టోర్ కీపర్లు చేరారు. చాట్‌లో చిలిపి పలకరింపులు కూడా మొదలయ్యాయి. ఎవరో తన మేకకు కవలలు పుట్టాయని రాశారు. నామాకౌ నుంచి సందేశం: ఇవాళ బాగుంది.

అప్పుడు ఎవరూ పిలవని ఇరవై ఏడో మనిషి లోపలికి వచ్చాడు. సోకో గారు. పేరు చూస్తేనే మా న్గోనీల మనిషని తెలుస్తుంది. ఆ ప్రావిన్సు స్టోర్లన్నిటికీ పై అధికారి, ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగం, ఆయన సంతకం లేనిదే పల్లెలో సూది కదలదు. తన మనుషులు ఏం నేర్చుకుంటున్నారో చూద్దామని వచ్చారట. కెమెరా ఆపేసి కూర్చున్నారు. చాట్‌లో మేక సంగతి అక్కడితో ఆగిపోయింది. పెద్దాయన ఉన్న గదిలో చిన్నవాళ్ళు ముందు నోరు తెరవడం మా వైపు లేదు. నోరు మెదపకపోవడమే మర్యాద. ఆ మర్యాద ఆ పూట మా ఆయన పీక మీద కూర్చుంది.

అయిదో నిమిషంలో ఓటు పెట్టాడు: ఈ ఉదయం మీ ఫ్రిజ్‌లో ఎన్ని డిగ్రీలుంది? ఒకే ఒక్క ఓటు పడింది. అది నాది. మా వంటింటి ఫ్రిజ్ సంగతి చెప్పాను.

తొమ్మిదో నిమిషంలో, టీకాలు కాక ఇంకేమైనా ఫ్రిజ్‌లో పెట్టడం మీరెప్పుడైనా చూశారా అని అడిగాడు. ఎనిమిది సెకన్లు ఆగాడు. పదహారు ఆగాడు. నామాకౌ సందేశం: మాట్లాడకు, మాట్లాడితే పోతావ్. ఆయన మెడ మీద చెమట నాకు వంటింట్లోకి కనబడుతోంది. ఆఖరికి ఎంతో వినయంగా, పెద్దలు సోకో గారు ఏమైనా చెబుతారా అని అడిగాడు.

"మీరే చెప్పండి సార్. మేము వింటున్నాం," అన్నారాయన.

ఈ వృత్తిలో ఆ మాట ఉరిశిక్షకు ముందు చదివేది. మా ఆయన లాప్‌టాప్ వైపు చూశాడు, స్టాప్‌వాచీ వైపు చూశాడు, గరిటె పట్టుకున్న న్గోనీ పెళ్ళాం వైపు చూశాడు. టై ముడి కాస్త వదులు చేశాడు. పద్నాలుగో నిమిషం. పుస్తకంలో ఆ నిమిషానికి ఒక బొమ్మ ఉంది. అది చూపించలేదు.

"సోకో బావగారూ," అన్నాడు, "తమరు కెమెరా ఎందుకు ఆపారో నాకు తెలుసులెండి. పళ్ళెంలో తోకలు కనబడతాయని."

నా చేతిలో గరిటె పైకీ లేదు, కిందికీ లేదు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. తర్వాత సోకో గారి గడి వెలిగింది. పెద్ద మొహం, పెద్ద కళ్ళద్దాలు, వెనక గోడ మీద ఏదో మందుల కంపెనీ క్యాలెండరు.

"ఎవడ్రా అది, బెంబావాడా? ముందే అనుకున్నాను. పొద్దున్నించీ తెర మీద ఏదో కొమ్మ పట్టుకుని ఊగుతున్నట్టే ఉంది. ఒరే పిల్లలూ, ఎవరైనా వీడికో అరటిపండు చూపించండి, పాఠం తొందరగా చెబుతాడు."

ఒక మైకు తెరుచుకుంది, ఇంకోటి, ఇంకో పది. ఇరవై ఆరు నల్ల గళ్ళలో ఒక్కొక్కటీ మొహమైంది. ఒకామె నవ్వు ఆపుకోలేక, ఒంటికి చుట్టుకున్న చితెంగే గుడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది. చాట్ ఫోనులో అందకుండా పరిగెత్తింది. మా ఆయన వెన్ను నిటారైంది.

"బావగారూ, ఇంతకీ ఆ ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు టీకాల కోసమా, ఎలుకలు పాడవకుండానా?" అన్నాడు, నవ్వులు ఆగేలోపే మాయమైపోయాడు.

కరెంటు పోయిందనుకున్నాను. కరెంటు పొయ్యి ఎర్రగా కాలుతూనే ఉంది. వెళ్ళి చూస్తే ఆయన తెర తెల్లగా ఉంది. మధ్యలో ఒక్క వాక్యం: దయచేసి వేచి ఉండండి, నిర్వాహకులు త్వరలో మిమ్మల్ని లోపలికి అనుమతిస్తారు.

తరగతి మొదలయ్యే ముందు జనాన్ని నిలబెట్టే బయటి గది అది. ఆయన్ను అక్కడికి నెట్టింది మారిట్. ఆవిడ సొంత తెలివి కాదు. మా ఆయన పుస్తకం, నాలుగో పేజీ: ఎవరైనా ఇతరుల జాతిని గానీ ప్రాంతాన్ని గానీ తిండిని గానీ కించపరిస్తే పది సెకన్లలోగా బయటి గదికి పంపాలి, చర్చ వద్దు, ఎంతటివారైనా సరే. ఈ ఆఖరి ముక్క కోసం ఆయన పై ఆఫీసుతో మూడు వారాలు పోట్లాడి గెలిచాడు. ఆ వాక్యం రాసిన సాయంత్రం మా ఇంట్లో కోడి కూర. రాసినవాడు కూడా 'ఎంతటివారిలో' వస్తాడని ఆయనకు తట్టలేదు. మారిట్‌కు తట్టింది. ఎలుకల మాట విన్నాక తొమ్మిది సెకన్లు పట్టిందట.

నామాకౌ సందేశాలు మీద మీద పడ్డాయి. తలుపు తీయొద్దని మారిట్ చెప్పింది. తరగతి తను చూసుకుంటానంది. ముందుగా సోకో గారికి క్షమాపణ చెబుతుందట.

"క్షమాపణా?" అన్నాడు మా ఆయన. పాలిపోయాడు. "అయిపోయింది. ఆ జొహానెస్‌బర్గ్ వాడికి రేపే కబురు పెడతారు."

పాపమనిపించింది. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చాను. విద్యార్థి 2 ఇంకా తరగతిలోనే ఉంది కదా. కపెంటా పక్కన ఫోను నిలబెట్టి ఇద్దరం తలలు ఆనించి చూశాం. మా పెళ్ళి వీడియో కూడా అంత దగ్గరగా చూడలేదు.

మారిట్ కెమెరా తెరిచింది. తెల్లటి గోడ, తెల్లటి చొక్కా, నిజంగా బాధపడుతున్న మొహం.

"గౌరవనీయులైన సోకో గారూ, ఇప్పుడు మీకు జరిగిన అవమానానికి మా సంస్థ తరఫున హృదయపూర్వకంగా క్షమాపణ కోరుతున్నాను. మీ ఆహారపు అలవాట్ల గురించి అలా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు."

సోకో గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తనకు అవమానం ఎప్పుడు జరిగిందో కాస్త చెబుతారా, తను గమనించలేదని అడిగారు. మారిట్ ఎలుకల ప్రసక్తి తేలేక తేలేక తెచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మారిట్ వాళ్ళ వైపు బాధగా చూసింది. మళ్ళీ అందరూ బిగుసుకుపోయారు. దొరసానమ్మ బాధపడుతుంటే నవ్వితే బాగుండదని ఒక్కొక్క కెమెరా ఆరిపోవడం మొదలైంది.

ఏడు మొహాలు పోయాయి. పక్కన మా ఆయన ఊపిరి నాకు వినబడుతోంది. చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకుని చాట్‌లో రాశాను: మా బావ ఏడి?

"నువ్వు విద్యార్థివి కాదు," అని ఫోను లాక్కోబోయాడు.

"నువ్వు మాస్టారివి కాదుగా ఇప్పుడు. కూర్చో."

దాని కింద ఇంకెవరో అదే రాశారు. మా బావ ఏడి. ఆ తర్వాత పది మంది రాశారు. చాట్ మొత్తం పెళ్ళిలో తప్పిపోయినవాణ్ణి వెతుకుతున్నట్టు అయింది. అప్పుడు సోకో గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, నాకు జరిగిన అవమానం ఏదైనా ఉంటే అది ఇదే. వాడొక మాటన్నాడు. నేనొక మాటన్నాను. వాడు ఇంకో మాటన్నాడు. నా మాట నోట్లో ఉండగానే మనిషిని ఎత్తుకుపోయారు. ఇప్పుడు దీన్ని నేను మింగాలా, ఉమ్మాలా?"

మారిట్ చాలాసేపు ఆగింది. ఎనిమిది సెకన్ల కంటే ఎక్కువే. మీకు కోపం రాలేదా అని అడిగింది.

"కోపం వస్తే బావనెలా అవుతానమ్మా? అల్లుణ్ణవుతాను."

ఇంతమంది నవ్వారు కాబట్టి ఆవిడా నవ్వింది, ఎందుకో తెలియకుండా. కానీ నియమం నియమం. బయటికి పంపినవాణ్ణి లోపలికి తేవాలంటే ముందు సంఘటన పత్రం నింపాలట, అది కూడా మా ఆయన తయారు చేసిందే, మూడు పేజీలు. ఆవిడ దాన్ని నింపుతూ ఉంటుంది, ఈలోపు తరగతి ఆగకూడదు, తర్వాతి ప్రశ్న మీరే చర్చించుకోండని చెప్పి ఆ తొమ్మిదో నిమిషం ప్రశ్నే మళ్ళీ చదివింది: టీకాలు కాక ఇంకేమైనా?

మళ్ళీ నిశ్శబ్దమే అనుకున్నాను. సోకో గారే తన పిల్లల వైపు తిరిగారు. ఆ కోతి తిరిగొచ్చేసరికి పాఠం మనమే పూర్తి చేసి ఉండాలి, వాడొచ్చి మనకు చెప్పడమేమిటి, మనమే వాడికి చెబుదాం అన్నారు. కానివ్వండి, ఎవరి ఫ్రిజ్‌లో ఎలుకలున్నాయి?

తమాండ అనే ఒక స్టోర్ కీపరు, ఇందాక కొంగు నోట్లో కుక్కుకున్నామె, మైకు తెరిచింది.

"ఎలుకలు లేవు సార్," అంది. కొంగు సర్దుకుంది. "చేప ఉంది. మా పెద్ద క్లినికల్ ఆఫీసరు గారిది. ప్రతి శుక్రవారం."

సోకో గారు తలూపారు. అది చూసి ఇంకొకతను, తన ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులుంటాయని, ఎండల్లో రోజుకు ఇరవై సార్లు తలుపు తీస్తారని చెప్పాడు. ఒకామె ఫ్రిజ్‌లో పాస్టరు గారి కూతురి పెళ్ళి కేకు మూడు రోజులు ఉంది. దాన్ని పట్టించడానికి టీకాల పెట్టెలు బయట పెట్టారు. ఆ పిల్లకు ఇప్పుడు కొడుకు, వాడికి అదే క్లినిక్కులో టీకా వేశారని చెబుతూ ఆమె ఆ తారీఖు కూడా చదివింది. ఎవరూ నవ్వలేదు. మార్చిలో ఇరవై ఆరుగురూ మా ఫ్రిజ్‌లో ఏమీ ఉండవని రాసిచ్చిన మనుషులే వీళ్ళు.

"నా ఆఫీసు ఫ్రిజ్‌లో నా మంచినీళ్ళ సీసా ఉంటుంది," అన్నారు సోకో గారు. "ముప్పై ఎనిమిదేళ్ళుగా. రాసుకోండి."

మా ఆయన పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. మధ్యలో ఒకతను, టీకా గడ్డకడితే ఇంకా మంచిదేగా, చల్లగా ఉన్నట్టే కదా అన్నాడు. మా ఆయన స్టూలు మీంచి ఎగిరి, కాదు, చచ్చిపోతుంది, కొన్ని టీకాలు గడ్డకడితే చచ్చిపోతాయి అని ఫోనులోకి అరిచాడు. మైకు మూసి ఉంది. తెరవబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఈలోగా లోపల తమాండే చెప్పేసింది: గడ్డకట్టి కరిగిన సీసాను పక్కన మంచి సీసాతో పాటు ఊపి పెడితే అడుగున తొందరగా మడ్డి దిగుతుంది, అలాంటిది పిల్లలకు వెయ్యకూడదు. ఆయన పుస్తకంలో అది పంతొమ్మిదో పేజీ. ఆమె రెండు వాక్యాల్లో చెప్పింది.

ఆయన మెల్లగా కూర్చున్నాడు. వేగిన కపెంటా ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. "నేను దీనికి మూడు బొమ్మలు గీశాను," అన్నాడు.

ముప్పై ఆరో నిమిషంలో సంఘటన పత్రం పూర్తయింది, ఆయన్ను లోపలికి వదిలారు. పరిగెత్తి బల్ల దగ్గరికి వెళ్ళే తొందరలో కెమెరాకు నిక్కరు కనబడింది. సోకో గారు ఇరవై రెండు నిమిషాలుగా దాచుకున్న మాటను అప్పుడు విడిచిపెట్టారు. అది నిక్కరు గురించే, మా అమ్మాయి చదువుతుందేమోనని ఇక్కడ రాయడం లేదు. దాని తర్వాత తరగతి బండి గాడిలో పడింది. మిగతా సమయంలో మా ఆయన పుస్తకం చూడలేదు.

తరగతి అయ్యాక పది నిమిషాలు శిక్షకుడూ, తెరవెనక మనిషీ, పరిశీలకురాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. సోకో గారు మాత్రం కదల్లేదు. మారిట్ ఆయన్ను మర్యాదగా అడిగింది, ఈ శిక్షకుడి మీద మీరు ఫిర్యాదు ఏమైనా ఇవ్వదలుచుకున్నారా అని. ఇస్తానన్నారు. మా ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు.

"రాసుకోండమ్మా. ఒకటి, ఆ తోకల మాట పాతది, మా తాత చెవులకే అరిగిపోయింది. రెండు, ఈ బెంబావాడు ఇంకా బాగా నేర్చుకోవాలి కాబట్టి మా ప్రావిన్సు తరగతులన్నీ వీడికే ఇవ్వండి. ఇంకెవరినీ పంపకండి. పంపితే మళ్ళీ మేము వింటూ కూర్చుంటాం."

అది చెప్పి ఆయన వెళ్ళిపోయారు. మారిట్ కాగితం తీసింది. ఒక ప్రశ్నకు సున్నా వెయ్యక తప్పదంది: అవమానకరమైన మాటలు వాడలేదు, అన్నదానికి. సోకో గారికి కోపం రాకపోయినా తన కాగితంలో కోపం గడి లేదు, మాట గడే ఉంది. కానీ విద్యార్థులు భయం లేకుండా మాట్లాడారా అన్నచోట పూర్తి మార్కులు. విద్యార్థి 2 చొరవను ప్రత్యేకంగా మెచ్చుకుంది. నామాకౌ దగ్గు వచ్చిందని మైకు మూసుకుంది.

"ఇక మీరు మాట్లాడిన సమయం," అంది మారిట్. "ఇరవై నాలుగు నిమిషాలు. అద్భుతం. ఆ ప్రశ్నకు నాలుగుకు నాలుగు."

మా ఆయన మొహం వెలిగి, వెంటనే ఏదో తట్టినట్టు ఆగింది. తను ఇరవై రెండు నిమిషాలు బయటి గదిలో ఉన్నాడు కదా అన్నాడు.

"అవును. ఆ సమయంలో మీరు మాట్లాడలేదు. విద్యార్థులు మాట్లాడారు."

"నేను లేను కాబట్టి మాట్లాడలేదు."

"కాగితంలో కారణం అడగలేదు," అంది మారిట్.

మొత్తం ముప్పై రెండు. ముద్ర పడింది.

నేను కోడిని తెప్పించాను. ఆయన సరిగా తినలేదు. రెండు రోజులు ఇంట్లో ఎవరో పోయినట్టు తిరిగాడు. మళ్ళీ మార్కులు లెక్క వెయ్యమని ఉత్తరం రాస్తానన్నాడు.

"నేను పాసవ్వలేదు, బనా మపాలో. నా ఖాళీ కుర్చీ పాసైంది."

రాస్తే ఒక్క మార్కు తగ్గినా జొహానెస్‌బర్గ్ అని గుర్తు చేశాను. అప్పుడు ఉత్తరం మానేసి పుస్తకం తీశాడు. శనివారమంతా దేన్నో కొట్టేస్తూ కూర్చున్నాడు. నలభై ఆరు పేజీలు ముప్పై ఒకటయ్యాయి. మూడు బొమ్మలు పోయాయి. 'ఎంతటివారైనా సరే' మాత్రం ఉంచాడు. పద్నాలుగో నిమిషం దగ్గర కొత్త వాక్యం చేర్చాడు: శిక్షకుడు ప్రశ్న అడిగి గదిలోంచి బయటికి వెళ్ళవలెను, ఇరవై నిమిషాలు.

తర్వాతి గురువారం నేను వంటింట్లో గుమ్మడి ఆకులకు ఈనెలు తీస్తున్నాను. పద్నాలుగో నిమిషానికి ఆయన మైకు మూసి, టై సర్దుకుని, స్టాప్‌వాచీ మెళ్ళో వేసుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బల్ల గదిలోంచి సోకో గారి గొంతు, దాని మీద నవ్వులు, మధ్యలో ఎవరో డిగ్రీలు చదవడం వినబడుతోంది. పాత ఫోను నా ఒళ్ళో, ఆకుల కింద ఉంది.

"ఏమంటున్నారు?" అన్నాడు.

"మీ తాత గురించి. మా వాళ్ళను చూసి చెట్టెక్కాడట."

"అది అబద్ధం. నేను వెళ్ళి చెబుతాను."

"ఇంకా పంతొమ్మిది నిమిషాలుంది," అని ఆకుల బుట్ట ఆయన వైపు జరిపాను.

గుమ్మం వైపు ఒకసారి చూశాడు, స్టాప్‌వాచీ వైపు ఒకసారి చూశాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, ఒక ఆకు తీసుకుని తప్పు కొస నుంచి ఈనె లాగడం మొదలుపెట్టాడు. బెంబావాళ్ళకు ఇది ఎవరూ నేర్పినట్టు లేరు. నేను చెప్పబోయి ఊరుకున్నాను. మూడో ఆకుకు తనే కొస మార్చుకున్నాడు.